చిన్న ట్రాక్టరు కొనేటప్పుడు కంపెనీని చూడాలా, డీలరునా?

తోట_పద్మనాభం:

అందరికీ నమస్కారం. మాది పద్మనాభం మండలం. జీడి, మామిడి కలిసిన తోట, దాని దిగువన కొంత వరి మడి ఉన్నాయి. అద్దెకు తెచ్చే పెద్ద ట్రాక్టరు తోటలోకి దిగితే కింది కొమ్మలు విరుగుతున్నాయి, చెట్టు మొదలు దగ్గర దుక్కి పడడం లేదు. అందుకని 21 నుంచి 28 హెచ్‌పీ లోపు ఫోర్ వీల్ డ్రైవ్ బండి సొంతంగా కొందామని ఇంట్లో అనుకున్నాం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మాకు నచ్చిన బండి డీలరు దూరంగా ఉన్నాడు. దగ్గర్లో షోరూము ఉన్న కంపెనీ బండి మీద మాకు అంత గురి లేదు. నాన్నగారు "బండి గట్టిదైతే డీలరుతో పనేముంది" అంటున్నారు. మా బావ అస్సలు ఒప్పుకోవడం లేదు. వాడుతున్నవాళ్లు చెప్పండి.

చెరకు_చోడవరం:

తమ్ముడూ, మీ బావ మాటే నా మాట. ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఎండాకాలంలో ఆగితే పది రోజులైనా పర్లేదు. నాట్ల ముందు దమ్ము చేస్తుండగా ఆగితే? మాకు సరిగ్గా అప్పుడే, వెనక తగిలించినవాటిని పైకి లేపే హైడ్రాలిక్ పంపు పోయింది. మట్టిని గుల్లచేసే రోటవేటర్ పైకి లేవలేదు, మడిలోంచి బండిని గట్టెక్కించడమే గగనమైంది. డీలరుకి ఫోన్ చేస్తే "విజయవాడ నుంచి రావాలి సార్, రేపో ఎల్లుండో వచ్చేస్తుంది" అన్నాడు. ఆ రేపూ ఎల్లుండీ సాగి సాగి నారు ముదిరిపోయింది. చివరికి అద్దె ట్రాక్టరు పెట్టి దమ్ము పూర్తి చేశాం, ఫైనాన్స్ వాయిదా మాత్రం మూలన పడి ఉన్న మా బండికి కట్టాం. ఇంజను అప్పటికీ బ్రహ్మాండంగానే ఉంది. ఉండి ఏం లాభం?

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. అదే కంపెనీ బండి మా వియ్యంకుడు వేరే జిల్లాలో కొన్నాడు, అక్కడి డీలరు ఫోన్ చేసిన పూటే మనిషిని పంపిస్తాడు. బండి ఒకటే, తేడా అంతా డీలరులో ఉంది.

భీమిలి_కొబ్బరి:

చోడవరం గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ దాని నుంచి మీరు తేల్చిన మాట నేను ఒప్పుకోను. ట్రాక్టరంటే పదిహేనేళ్లు ఉంచుకునే బండి. అన్నేళ్లూ ఏజెన్సీ అదే చేతిలో ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? యజమాని మారతాడు, మంచి మెకానిక్ జీతం చాలక ఇంకో చోటికి పోతాడు. ఇవాళ డీలరుని చూసి కొంటే రేపు మన దగ్గర మిగిలేది బండే.

బండ్లలో తేడాలు నిజంగానే ఉన్నాయి. కుబోటా నియోస్టార్ ఏ211ఎన్ 21 హెచ్‌పీ, మూడు సిలిండర్లు. మహీంద్రా జీవో 245 డీఐ 24 హెచ్‌పీ, రెండు సిలిండర్లు. జాన్ డీర్ 3028 ఈఎన్ 28 హెచ్‌పీ, మూడు సిలిండర్లు. రెండు సిలిండర్ల ఇంజనులో అదురు ఎక్కువ, రోజంతా సీటు మీద కూర్చున్నవాడి నడుముకి తెలుస్తుంది. అలాగని అది చెడ్డ బండి అనను. విప్పాల్సిన సామాను తక్కువ కాబట్టి ఊళ్లో మెకానిక్కు కూడా ధైర్యంగా చెయ్యి పెడతాడు.

షోరూములో చెప్పే హెచ్‌పీ ఇంజనుది. రోటవేటర్‌ని తిప్పేది పీటీఓ (బండి వెనక తిరిగే షాఫ్టు) దగ్గరికి చేరే బలం. 24 ఉన్న జీవోకి అక్కడ వచ్చేది 22. ఇవన్నీ తేల్చడానికి మధ్యప్రదేశ్‌లోని బుధ్నిలో కేంద్ర ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉంది. పీటీఓ బలం ఎంత, ఎంత బరువు లాగుతోంది, లిఫ్టు ఎంత లేపుతోంది, ఇంజను ఎంత డీజిల్ తాగుతోంది, అన్నీ కొలుస్తారు. ఆఖర్న ఇంజను విప్పి పిస్టన్ రింగులు, బేరింగులు ఎంత అరిగాయో రాస్తారు. కొనబోయే మోడల్ రిపోర్టు చదవండి. సేల్స్ కుర్రాడి మాట కన్నా అది వంద రెట్లు నయం.

చెరకు_చోడవరం:

పంపు అరిగిందో లేదో ఆ రిపోర్టులో ఉంటుంది. అది పోతే అనకాపల్లిలో దొరుకుతుందో లేదో ఉంటుందా? పరీక్షకి వెళ్లేది కొత్త బండి. నాలుగో ఏట, ఇద్దరు ముగ్గురు డ్రైవర్ల చేతులు మారాక ఎలా ఉంటుందో ఏ కాగితమూ చెప్పదు.

ఆటోనగర్_లేత్:

గాజువాక ఆటోనగర్‌లో మాది లేత్ పని, హైడ్రాలిక్ హోసుల పని. అన్ని కంపెనీల చిన్న బండ్లూ వస్తాయి కాబట్టి ఇద్దరికీ కలిపి చెబుతున్నాను. బండి సామాను డీలరు దగ్గర తప్ప బయట దొరుకుతుందా లేదా? ముందు అది తేల్చుకోవాలి.

ఫోర్ వీల్ బండ్లలో ముందు చక్రం మధ్యలోని హబ్‌కి, లోపలి ఆయిల్ బయటికి కారకుండా ఆయిల్ సీల్ ఉంటుంది. దమ్ములో హబ్ మునిగినప్పుడు బురద ఆ సీల్ అంచుని తినేస్తుంది. మొదట చిన్న తడి మరక కనిపిస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లటి ముద్ద కడుతుంది. అక్కడ పట్టుకోకపోతే ఆయిల్ కారిపోయి, నీళ్లు లోపలికెళ్లి, గేర్లు తుప్పు పడతాయి. సీల్‌కి వందల్లో పోయేది గేర్లకి వేలల్లో పోతుంది. పాత సీల్ తీసి గుడ్డతో తుడిస్తే దాని మీద మూడు అంకెలు కనిపిస్తాయి: లోపలి కొలత, బయటి కొలత, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. మామూలు కొలతలైతే బేరింగుల షాపులో అప్పటికప్పుడు ఇస్తారు. బేరింగుకైనా అంతే, నంబరు చెబితే చాలు. కొన్ని భాగాలు మాత్రం కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి, డీలరు తెప్పిస్తే తప్ప గతి లేదు. ఏ మోడల్‌కి అలాంటివి ఎక్కువో మీ చుట్టుపక్కల మెకానిక్‌ని అడగండి. షోరూములో అడిగితే "అన్నీ దొరుకుతాయి సార్" అనే అంటారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా దగ్గరికొచ్చే చాలా బండ్లలో కంపెనీ తప్పు ఉండదు. మూడు, మూడున్నర అడుగుల రోటవేటర్ లాగాల్సిన 21 హెచ్‌పీ బండికి ఐదడుగులది తగిలిస్తారు, క్లచ్ మాడిపోతే కంపెనీని తిడతారు. జీడి తోటల్లో తిరిగే బండ్లకి ఎండాకు పొడి రేడియేటర్ జాలీ నిండా పట్టి ఇంజను వేడెక్కుతుంది. సాయంత్రం పూట గాలి కొట్టి దులపాలి, అదీ ఇంజను వైపు నుంచి బయటికి. ఎదురుగా నిలబడి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది.

తోట_పద్మనాభం:

ఇలాంటివి షోరూములో ఒక్కరూ చెప్పలేదు అన్నా, చాలా థాంక్స్. మహీంద్రా ఓజా సంగతి ఏమిటి? తోటలకి బాగుంటుందంటున్నారు. ధర కూడా ఒక్కో చోట ఒక్కోలా చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది.

భీమిలి_కొబ్బరి:

ఓజా బండ్లు 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేశారు, తయారయ్యేది మాత్రం మన తెలంగాణ జహీరాబాద్‌లో. జపాన్ వాళ్లతో కలిసి చేసిన తేలికపాటి డిజైన్, నాకు నచ్చింది. కానీ నేను చెప్పిన పదిహేనేళ్ల లెక్కకి ఇంకా అందదు, కాలమే చాలలేదు. బెంగళూరు వీఎస్‌టీ 1967 నుంచి ఉన్న కంపెనీ, వాళ్ల పవర్ టిల్లర్లు (చేత్తో పట్టుకుని నడిపే దుక్కి యంత్రాలు) తెలిసిన మెకానిక్‌లు ఉన్న చోట వాళ్ల చిన్న ట్రాక్టర్లనీ చూడొచ్చు.

ధర విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ట్రాక్టరు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతమైంది. టైర్లకీ చాలా విడిభాగాలకీ 18 నుంచి 5కి దిగింది. కొటేషన్‌లో బండి ధర, పన్ను, ఇన్సూరెన్సు విడివిడిగా రాయించుకోండి, అప్పుడు ఎవరు ఎక్కడ కలుపుతున్నారో బయటపడుతుంది.

వకీలు_ఎంవీపీ:

చర్చలోకి రావడానికి కారణం ఒక్కటే. బండి కొన్న రైతులు గొడవ పడి నా దగ్గరికొచ్చేసరికి చేతిలో కాగితం ఉండడం లేదు. సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ జాబ్ కార్డు (సర్వీసు సెంటరు రాసిచ్చే కాగితం) తీసుకోండి, దాని మీద ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే గంటల మీటరు రీడింగు, మీరు చెప్పిన ఫిర్యాదు రాయించండి. గంటల ప్రకారం సర్వీసు చేయించలేదన్న సాకుతోనే వారంటీ కాదంటారు. సొంత జీవనోపాధికి వాడుకునే ట్రాక్టరుకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. 50 లక్షల లోపు కొనుగోలైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కొన్ని సమస్యలు అక్కడే తెగుతాయి.

చెరకు_చోడవరం:

వకీలు గారి మాట నిజం, కానీ కమిషన్ తీర్పు వచ్చేదాకా నారు ఆగదు కదండీ. తమ్ముడూ, నువ్వు షోరూములో ఏసీ గదిలో కూర్చోకు. వెనక విడిభాగాల కౌంటరు దగ్గరికి వెళ్లు. ఆ మోడల్ క్లచ్ ప్లేటు, హైడ్రాలిక్ పంపు, ఆటోనగర్ అన్న చెప్పిన హబ్ సీల్ ఇప్పుడు స్టాకులో ఉన్నాయా అని అడుగు. ఉన్నాయంటే తీసి చూపించమను. లేకపోతే ఆ బండి ఎంత మంచిదైనా వద్దనే అంటాను.

భీమిలి_కొబ్బరి:

స్టాకు లేకపోతే కంపెనీ జిల్లా సర్వీసు ఇంజనీరు నంబరు తీసుకోండి. అంతేగానీ అరలు నిండుగా ఉన్నాయని నాసి బండి కొనొద్దు. ఈ విషయంలో చోడవరం గారికీ నాకూ కుదరదు.

తోట_పద్మనాభం:

ఇద్దరు డీలర్లకీ ఫోన్ చేశాం. దగ్గరి డీలరు దగ్గర మూడు సామాన్లూ ఉన్నాయట. దూరం డీలరు దగ్గర పంపు లేదు కానీ, బండిని మా తోటకే తెచ్చి డెమో ఇస్తానన్నాడు. నాన్నగారు అప్పుడే అతని వైపు మొగ్గుతున్నారు. రేపు వెళ్లి ఆ కౌంటరు చూసొస్తాం, ఆ తర్వాతే డెమో.

ఆటోనగర్_లేత్:

డెమో తోటలో ఒక్కటే కాదు, వరి మడిలో నీళ్లు పెట్టి చేయించండి. రోటవేటర్‌ని నాలుగైదుసార్లు పైకి లేపి, అలాగే ఉంచి ఇంజను ఆపేయండి. కాసేపటికి అది దానంతటదే కిందికి జారితే లిఫ్టులో లీకేజీ ఉన్నట్టు. అది డెమో బండే కదా అని వదిలెయ్యకండి, ఆ డీలరు దగ్గర బండ్లు ఎలా చూసుకుంటారో అక్కడే తెలిసిపోతుంది.