చార్టులో పైన ఎవరి బొమ్మ ఉండాలి: హాన్‌దా, మైట్నర్‌దా?

వేంపల్లె ఫిజిక్స్ టీచర్:
సైన్స్ ప్రదర్శనలో మా పదో తరగతి అమ్మాయి కేంద్రక విచ్ఛిత్తి, అంటే పరమాణు కేంద్రకం రెండుగా చీలడం మీద చార్టు పెట్టింది. పైన లీజె మైట్నర్ బొమ్మ, కింద ఒట్టో హాన్ బొమ్మ. ‘నోబెల్ వచ్చినాయన కింద, సహాయకురాలు పైనా?’ అంటూ న్యాయనిర్ణేత ఒకాయన మార్కులు కోశారు. కడపలో జిల్లా పోటీ ఉంది. బొమ్మలు మార్చాలా?

ప్రొద్దుటూరు కెమిస్ట్రీ:
మార్చండి మేడమ్. సహాయకురాలనడం అన్యాయమే. కానీ 1938 డిసెంబరులో బెర్లిన్ ప్రయోగశాలలో ఉన్నది హాన్, ఆయన సహచరుడు స్ట్రాస్‌మన్. న్యూట్రాన్లు తాకిన యురేనియం నుంచి రేడియం వచ్చిందనుకుని, దాన్ని పట్టుకోవడానికి తామే కలిపిన బేరియం నుంచి వేరు చేయబోతే ఎంతకీ విడిపోలేదు. విడిపోదు మరి, అది బేరియమే. అంత కొద్ది పదార్థంతో ఆ మాట తేల్చడం పచ్చి రసాయనశాస్త్రం. 1944 నోబెల్ కూడా రసాయనశాస్త్రానిదే కదా!

వేంపల్లె ఫిజిక్స్ టీచర్:
ఆమె అక్కడ ఎందుకు లేరో కూడా చెప్పండి సార్. యూదు కుటుంబంలో పుట్టిన పాపానికి 1938 జులైలోనే జర్మనీ నుంచి దొంగచాటుగా సరిహద్దు దాటవలసి వచ్చింది. 1907 నుంచి హాన్‌తో కలిసి పనిచేసిన మనిషి. మొదట్లో ఆడవాళ్లకు ప్రవేశం లేదని నేలమాళిగలోని వడ్రంగి గదిలో కూర్చోబెట్టారు. 1934లో ఈ యురేనియం పనికి హాన్‌ను లాక్కొచ్చింది ఆమే. పొలం దున్ని విత్తనం వేసినవాళ్లను కోతకు ముందు తరిమేసి, ‘కోతనాడు కనబడలేదే’ అంటే ఎలా?

అనంతపురం విశ్రాంత లెక్చరర్:
జాలి పక్కన పెట్టి భౌతికశాస్త్రం చూద్దాం. యురేనియం కంటే చాలా తేలికైన బేరియం కనబడగానే హాన్‌కు దిక్కుతోచలేదు. కేంద్రకం నుంచి చిన్న ముక్కలు ఊడతాయని తెలుసు కానీ, అది రెండుగా చీలుతుందంటే ఎవరూ నమ్మే రోజులు కావు. స్వీడన్‌లో ఉన్న మైట్నర్‌కు ఉత్తరం రాసి వివరణ అడిగాడు. క్రిస్మస్ సెలవులకు వచ్చిన అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్‌తో కలిసి ఆమె మంచులో నడుస్తూ లెక్క తేల్చారు. కేంద్రకం ఒక ద్రవబిందువు లాంటిదనుకుంటే, సాగి, నడుము సన్నబడి, తెగిపోగలదు. ఆ ముక్కల మొత్తం ద్రవ్యరాశి ప్రోటాన్‌లో అయిదో వంతు తగ్గుతుంది. ద్రవ్యరాశిని శక్తిలోకి మార్చి చెప్పే ఐన్‌స్టీన్ సూత్రంలో వేస్తే సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి. ముక్కలు ఒకదాన్నొకటి తోసుకునే శక్తి కూడా అంతే వచ్చింది. 1939 ఫిబ్రవరిలో ‘నేచర్’ పత్రికలో అచ్చయిన వ్యాసంలోనే దానికి విచ్ఛిత్తి అని పేరు పెట్టారు. బేరియం దొరకడం ఒక సంగతి, కేంద్రకం చీలిందని తెలియడం మరొకటి. రెండోది లేకపోతే మొదటిది వింత ఫలితంగానే మిగిలేది.

ప్రొద్దుటూరు కెమిస్ట్రీ:
బేరియమే లేకపోతే ఆ లెక్క దేనికి వేసేవారు సార్? పైగా కేంద్రకం పెద్ద ముక్కలుగా పగలవచ్చని 1934లోనే ఇడా నోడాక్ అనే రసాయనశాస్త్రవేత్త రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. మీ మైట్నర్ కూడా.

అనంతపురం విశ్రాంత లెక్చరర్:
నిజమే. అయితే నోడాక్ ప్రయోగమూ చేయలేదు, లెక్కా వేయలేదు. బహుమతే కొలబద్ద అంటారా, బేరియం తేల్చడంలో సగం చెయ్యి ఉన్న స్ట్రాస్‌మన్‌కూ రాలేదు. మరి ఆయన్ను ఎక్కడ పెడతారు?

పులివెందుల కుర్రాడు:
తుమ్మలపల్లె గని మా ఇంటికి దగ్గరే. యురేనియం పేరు వినని రోజు ఉండదు, ఈ మైట్నర్ పేరు మాత్రం ఇప్పుడే వింటున్నాను. అణుబాంబు తయారీకి పిలిస్తే రానన్నది ఈమేనా?

వేంపల్లె ఫిజిక్స్ టీచర్:
ఈమే బాబూ. 109వ మూలకానికి మైట్నేరియం అని పేరు పెట్టింది కూడా ఈమె గుర్తుగానే. హాన్ పేరుతో ఆవర్తన పట్టికలో మూలకం లేదు. కెమిస్ట్రీ సార్ ఏమంటారో!

ప్రొద్దుటూరు కెమిస్ట్రీ:
మూలకం పేరు కూడా బహుమతి లాంటిదే మేడమ్, రుజువు కాదు. పైనా కిందా ఎందుకు, ముగ్గురినీ ఒకే వరుసలో పెట్టండి. స్ట్రాస్‌మన్ లేకపోతే మాత్రం నేనూ మార్కులు కోస్తాను.

వేంపల్లె ఫిజిక్స్ టీచర్:
స్ట్రాస్‌మన్‌ను చేరుస్తాం. ఒకే వరుస సంగతి అమ్మాయిని అడిగాను, ఒప్పుకోవడం లేదు. మైట్నర్ పైనే ఉంటారట.