వ్యాప్తిం బొందక వగవక: ఈ పద్యం ఎవరి కోసం?

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివేలనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నైనఁ జక్కంబడునే?

పోతన భాగవతం, అష్టమ స్కంధం. ఆశను పెంచుకుంటూ పోకుండా, లేనిదానికి ఏడవకుండా, దొరికిన కొంచెమే పదివేలనుకోలేనివాడు ఏడు దీవులిచ్చినా బాగుపడతాడా అని వామనుడు బలిని అడుగుతాడు. మన బెంగళూరు తెలుగు గ్రూపులో ఒకరు దీన్ని ‘ఉన్నదాంతో సర్దుకుపో’ అనే అర్థంలో వాడారు. నాకు ఆ అన్వయం మింగుడు పడలేదు.

హ్యాపీ ప్లానెట్ ఇండెక్స్ అని ఒక లెక్క ఉంది. లండన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ 2006లో మొదలుపెట్టింది. జనం తమ బతుక్కి తామే వేసుకునే మార్కులను, ఆయుర్దాయాన్ని కలిపి, తలకు ఎన్ని హెక్టార్ల నేల ఖర్చవుతోందో దాంతో భాగిస్తారు. ‘వ్యాప్తి’ అంటే నాకు ఆ భాగించే అంకే, అంటే వాడకమే గుర్తొస్తుంది.

2016 జాబితాలో అట్టడుగున చాద్, దానికి ఒక్క మెట్టు పైన లక్సెంబర్గ్! చాద్‌లో వాడకం తక్కువే, కానీ మనుషులు తొందరగా పోతారు. లక్సెంబర్గ్‌లో అన్నీ ఉన్నాయి, వాడకానికి అంతు లేదు. మొదటి స్థానం కోస్టారికాది. 1948లో సైన్యాన్నే రద్దు చేసి చదువుకీ వైద్యానికీ డబ్బు పెట్టిన దేశం అది. అమెరికా కంటే ఎంతో తక్కువ ఆదాయంతో ఆయుర్దాయంలో దాని సరసన నిలిచింది. ‘వగవక’ అనాలంటే ముందు ఆసుపత్రి ఉండాలి, బడి ఉండాలి.

వ్యాఖ్య: మూడడుగులు చాలన్నవాడే ముల్లోకాలూ కొలిచేశాడు కదండీ. ఆయన నోటి తృప్తిని ఎలా నమ్మడం?

జవాబు: కొలవడం తర్వాతి కథ మాస్టారూ. ఇక్కడ సందర్భం చూడండి. ఇంత కొంచెం అడుగుతావా అని బలి అన్నప్పుడు వచ్చిన మాట ఇది. అడిగేవాడు తన కోరికకు తానే హద్దు పెట్టుకుంటున్నాడు. ఉన్నవాడు లేనివాడికి చెప్పే నీతిగా దీన్ని తిప్పడం అన్యాయం.

వ్యాఖ్య: మేముండేది వైట్‌ఫీల్డ్ వైపు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎంత టెన్షన్ పడ్డామో! తాగేనీళ్లతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని కూడా ప్రకటించారు. రెండు బిందెలతో రోజు గడిపే ఇంటికి ఈ పద్యం వినిపించడానికి నాకు నోరు రాదండీ.

జవాబు: నాకూ రాదమ్మా. కారు కడిగే ఇంటికి వినిపించాలి.

వ్యాఖ్య: ‘చక్కంబడునే’ అంటే తృప్తిపడునా అనేనా?

జవాబు: తృప్తి మూడో పాదంలోనే వచ్చేసిందండీ. మళ్లీ అదే అనడు. ‘కుదుటపడునా’ అంటే దగ్గరగా ఉంటుందని నా ఉద్దేశం. ఇంకెవరైనా వేరేగా విని ఉంటే రాయండి.