ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష): పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, సర్టిఫికెట్లలో ఇనీషియల్. ఏ పేరుతో ఫీజు కట్టాలి?

ఒంగోలు_సిస్టర్: టెన్త్ మెమో, బీఎస్సీ డిగ్రీ, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అన్నిట్లో ‘కె. లక్ష్మి’ తరహా పేరే. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు పూర్తిగా ఉంది. నోటరీ అఫిడవిట్ సరిపోతుందా అక్కా?

ఐసీయూ_సీనియర్: సగం పనికే సరిపోతుంది చెల్లీ. సర్టిఫికెట్లు చూసే సంస్థకి, లైసెన్సు ఇచ్చే అమెరికా స్టేట్ నర్సింగ్ బోర్డుకి ‘ఇద్దరూ ఒకరే’ అని అఫిడవిట్ పెట్టొచ్చు. ఒప్పుకోవడం ఆ బోర్డు ఇష్టం, ముందే మెయిల్‌లో అడుగు. పరీక్ష కేంద్రంలో ఆ కాగితం చెల్లదు. అమెరికా బయట రాస్తే గుర్తింపు కార్డు పాస్‌పోర్టు ఒక్కటే, ఆధార్ పనికిరాదు. కాబట్టి బోర్డు దరఖాస్తులోనూ, పరీక్ష నడిపే పియర్సన్ వ్యూ కంపెనీ రిజిస్ట్రేషన్‌లోనూ పాస్‌పోర్టు పేరే, అక్షరం తేడా లేకుండా వెయ్యి. ఏటీటీ (పరీక్ష రాయడానికి అనుమతి) మెయిల్ రాగానే స్పెల్లింగు సరిచూసుకుని, తేడా ఉంటే స్లాట్ బుక్ చేయకముందే సరిచేయించు. ఆ రోజు గేటు దగ్గర తేడా బయటపడితే లోపలికి రానివ్వరు, 200 డాలర్ల ఫీజు పోయినట్టే. ఇండియాలో సెంటర్ తీసుకుంటే ఇంకో 150 డాలర్లు, పన్ను వేరు. ఏటీటీ గడువు దాటినా మళ్లీ మొదటినుంచి కట్టాల్సిందే.

వరంగల్_అలమ్నై: రాష్ట్ర విభజన ముందు చేరిన తెలంగాణ బ్యాచ్‌ల డిగ్రీ విజయవాడ ఎన్టీఆర్ వర్సిటీది. ట్రాన్స్‌క్రిప్టుకి (చదివిన సబ్జెక్టులు, మార్కుల పత్రం) వరంగల్ కాళోజీ వర్సిటీ చుట్టూ తిరగొద్దు.

నైట్‌డ్యూటీ: 85 ప్రశ్నలకే ఆగిపోతే ఫెయిలా?

ఐసీయూ_సీనియర్: ఆగినంత మాత్రాన ఫెయిలనీ కాదు, పాసనీ కాదు. కనీసం 85, గరిష్ఠం 150, సమయం 5 గంటలు. నీ స్థాయి పాస్ గీతకి పైనో కిందో 95 శాతం నమ్మకంగా తేలగానే కంప్యూటర్ ఆపేస్తుంది. ఫెయిలైతే మళ్లీ రాయడానికి 45 రోజుల గ్యాప్. ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ ప్రశ్నల్లో మాత్రం జాగ్రత్త: ఒప్పుకి ఒక మార్కు కలిపి, తప్పుకి ఒకటి కోస్తారు, సున్నా కంటే కిందికి పోదు. మూడు ఒప్పు, ఒక తప్పు టిక్ చేస్తే రెండే. ఎన్ని ఎంచాలో ప్రశ్నే చెబితే కోత ఉండదు.

మందుల_పట్టిక: మనవాళ్లు తడబడేది పేర్ల దగ్గరే. పారాసిటమాల్ అమెరికాలో ఎసిటమినోఫెన్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, పెథిడిన్ మెపెరిడిన్. బరువు పౌండ్లలో ఇస్తే 2.2తో భాగించాలి, 22 పౌండ్ల బిడ్డ అంటే 10 కిలోలు. ఇది మర్చిపోతే డోసు రెట్టింపు దాటుతుంది.

వరంగల్_అలమ్నై: ఇంకొకటి, ‘డాక్టర్‌కి చెప్పాలి’ అన్న ఆప్షన్ చూడగానే నొక్కేయకండి, వార్డులో అలవాటైన జవాబు కదా. ఊపిరాడని పేషెంటుకి ముందు తల ఎత్తు పెంచడం, ఆక్సిజన్ చూడడం, ఫోన్ తర్వాత. పనులు పంచే ప్రశ్నల్లో నర్సింగ్ అసిస్టెంటుకి స్నానం, తిండి, నిలకడగా ఉన్నవాళ్ల వైటల్స్ (బీపీ, పల్స్ లాంటివి) చూడడం ఇవ్వొచ్చు. మొదటి అసెస్‌మెంట్, డిశ్చార్జ్ టీచింగ్ ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) చేతిలోనే ఉండాలి, ఆమె కింది స్థాయి ఎల్పీఎన్‌కి (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు) కూడా ఇవ్వకూడదు.