మాగుంట సుబ్బరామిరెడ్డి గారి తొలి రోజుల గురించి ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారమండీ. మాది కందుకూరు. 2022 దాకా ప్రకాశం, ఆ ఏడాది నెల్లూరు జిల్లాలో కలిపారు! మాగుంట సుబ్బరామిరెడ్డి గారి మీద వ్యాసం రాస్తున్నాను. 1991లో ఒంగోలు ఎంపీగా గెలవడం, 1995 డిసెంబర్ 1న నక్సలైట్లు కాల్చి చంపడం, తర్వాతి ఎన్నికల్లో భార్య పార్వతమ్మ గారు అదే సీటు గెలవడం, ఇవన్నీ తేలిగ్గానే దొరికాయి.

నాకు కావాల్సింది అంతకు ముందు సంగతి. మద్యం వ్యాపారంలోకి ఎలా దిగారు? అక్కణ్ణుంచి కాంగ్రెస్ టికెట్ దాకా దారి ఎలా పడింది? మా తాతయ్యను అడిగితే ఆయన్ని చంపిన రోజు షాపులు మూసేసిన వైనమే గంటసేపు చెప్తాడు. వ్యాపారం మాటెత్తితే మాత్రం "పెద్దోళ్ల గోల మనకెందుకురా" అంటాడు.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏ లైబ్రరీలోనైనా 1980ల నాటి తెలుగు పేపర్ల బైండింగులు ఉన్నాయా? ఆ రోజులు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. నెలాఖరుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.