వీల్‌చైర్‌లో కూర్చుని రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) వేస్తున్నా, కింది లింబ్ (విల్లు వంగే కొమ్ము) చక్రానికి తగులుతోంది. ఏం మార్చాలి?

తాటివనం:
అన్నలకు నమస్తే. మాది నల్గొండ జిల్లా, కల్లు గీసే పని. 2019లో మోకు జారి చెట్టు మీంచి పడ్డా. వెన్నెముకకు టి10 దగ్గర దెబ్బ, బొడ్డు కింద స్పర్శ లేదు. చేతులు, భుజాలు మాత్రం ఇంకా చెట్టెక్కే చేతులే.

2024 పారిస్ పారాలింపిక్స్‌లో హర్విందర్ సింగ్ రికర్వ్‌లో బంగారం కొట్టింది ఫోన్‌లో చూశా. అప్పటి నుంచి ఈ పిచ్చి. ఆయనేమో నిలబడి వేస్తాడు, ఆ వీడియోలు చూసి సెటప్ చేసుకుంటే నాకు కుదరలేదు. పాత డబ్బులన్నీ ఊడ్చి విల్లు కొన్నా. షాపులో ఎత్తు అడిగి, 25 అంగుళాల రైజర్‌కి (మధ్యలో పట్టుకునే భాగం) లాంగ్ లింబ్స్ వేసి 70 అంగుళాల విల్లు చేతిలో పెట్టారు. లాగడానికి 38 పౌండ్ల బలం కావాలి. కూర్చుని వేస్తానని చెప్పినా తల ఊపారంతే.

విల్లు ఎత్తేటప్పుడు కింది లింబ్ కొస ఎడమ చక్రానికి కొట్టుకుంటోంది. పూర్తిగా లాగితే స్ట్రింగ్ ఆర్మ్‌రెస్ట్‌కి ఆనుతోంది. బాణం వదలగానే విల్లు వైపు ఒరిగిపోతున్నా, మొన్న లాంగ్ రాడ్ (విల్లు ఊగకుండా ముందు బిగించే పొడవాటి కడ్డీ) వెళ్లి నేలకు గుద్దుకుంది. స్ట్రింగ్ ఎక్కించడం ఇంకో తంటా. స్ట్రింగర్‌ని (స్ట్రింగ్ ఎక్కించడానికి వాడే తాడు) కాలితో తొక్కిపట్టమంటారు, నా కాలు ఎక్కడ తొక్కుతుంది?

విల్లు మార్చాలా, కుర్చీ మార్చాలా? రెండింటికీ డబ్బుల్లేవు.

గుంటూరు_గురి:
ముందు ఆ ఆర్మ్‌రెస్ట్ పీకెయ్ తమ్ముడూ. సగం బాధ అక్కడే ఉంది. నీ డ్రా లెంగ్త్, అంటే స్ట్రింగ్ ఎంత దూరం లాగుతావో, అది ఎంత?

తాటివనం:
28 అంగుళాలు అన్నా. ఆర్మ్‌రెస్ట్ ఊడదు, వెల్డింగ్ చేసి ఉంది.

చక్రాలమీద:
నేనూ కుర్చీ మనిషినే, ఎనిమిదేళ్లుగా వేస్తున్నా. వెల్డింగ్ షాపుకి తీసుకెళ్లి ఎడమది కోయించు, కొసలు నున్నగా రుద్దించు. నాదీ అలాగే చేయించా.

28కి 66 అంగుళాల విల్లు సరిపోతుంది. రైజర్ ఉంచుకుని షార్ట్ లింబ్స్, వాటికి తగ్గ స్ట్రింగ్ తీసుకుంటే చాలు. బ్రేస్ హైట్ (లాగనప్పుడు పిడికి, స్ట్రింగ్‌కి మధ్య దూరం) ఎనిమిదిన్నర అంగుళాల దగ్గర మొదలుపెట్టు. అయితే ఒక మాట: 70 నుంచి 66 అంటే నాలుగంగుళాలు తగ్గినట్టు అనిపిస్తుంది కానీ, కింద తగ్గేది రెండే. అందుకే కొనే ముందు కుర్చీ తిప్పి చూడు. టార్గెట్‌కి అడ్డంగా కాకుండా, మోకాళ్లు కాస్త టార్గెట్ వైపు వచ్చేలా పెట్టు. ఎడమ చక్రం వెనక్కి పోయి, విల్లు కిందకి నీ తొడ వస్తుంది. కుదిరిన చోట నేల మీద చాక్‌పీస్‌తో నాలుగు చక్రాలకూ గుర్తు పెట్టుకో. రోజూ అక్కడే ఆపాలి.

తొడకి స్ట్రింగ్ కొట్టినా నీకు తెలియదు, అది గుర్తుంచుకో. ప్రాక్టీస్ అయ్యాక తొడ చూసుకో. నాకోసారి నాలుగు రోజులకి గానీ ఆ కమిలిన మచ్చ కనపడలేదు. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి చేతుల మీద లేచి పిరుదులకి ఊపిరి ఇవ్వడం కూడా మర్చిపోకు. గురి కుదిరిన మజాలో పుండు తెచ్చుకున్నవాళ్లను చూశా.

గాలి కుషన్ వాడుతున్నావా? అది ఊగుతుంది. గాలి తగ్గిన రోజు నువ్వూ కిందకి దిగుతావు. రోజూ ఒకేలా ఉందో లేదో చూసుకో.

స్ట్రింగర్ తాడుని నేను ఫుట్‌రెస్ట్ గొట్టం కిందుగా తిప్పి, విల్లుని పైకి లాగుతా. బ్రేకులు వేసి, మొదటి పది సార్లు ఎవరినైనా పక్కన పెట్టుకో.

నిలబడేవాళ్ల వీడియోలు వదిలేసి ఇరాన్ అమ్మాయి జహ్రా నెమతీవి చూడు. కుర్చీలోంచే 2012 లండన్ పారాలింపిక్స్‌లో రికర్వ్ బంగారం గెలిచింది. 2016లో రియో ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింట్లోనూ ఆడింది.

గుంటూరు_గురి:
పొడవు గురించి అందరూ చెప్తున్నారు, నాకు భయం 38 పౌండ్ల గురించి. చేతుల్లో బలం ఉండొచ్చు, కానీ పొట్ట కండరాలు పట్టని మనిషి ఒరగడానికి కారణం అదే. లింబ్ బోల్ట్‌లు తిప్పితే సుమారు పది శాతం తగ్గుతుంది, అంతకు మించి ఆశపడొద్దు. లింబ్స్ ఎలాగూ మార్చాలి కాబట్టి 26 లేదా 28 పౌండ్లవి తీసుకో. బాణాలు అప్పుడు గట్టిపడినట్టు పనిచేస్తాయి, మెత్తని స్పైన్‌వి, అంటే ఎక్కువ వంగేవి కావాలి. ఆ ఖర్చూ లెక్కలో వేసుకో. 70 మీటర్లు, 122 సెంటీమీటర్ల టార్గెట్ తర్వాతి సంగతి, ఇప్పుడు 18 మీటర్లలో వేయి.

లాంగ్ రాడ్ ముందున్న బరువులు తీసెయ్. సైడ్ రాడ్లు అసలు వద్దు.

ఛాతీకి పట్టీ కట్టుకుంటే ఒరగవు. ఇంట్లో ఎలా కట్టుకున్నా పర్వాలేదు కానీ, పోటీలో క్లాసిఫికేషన్ కార్డులో (వైకల్యాన్ని పరీక్షించి ఇచ్చే కార్డు) రాసి ఉంటేనే ఒప్పుకుంటారు. విల్లు పట్టిన చేతికి కుర్చీలో ఏ భాగమూ ఆసరా కాకూడదు, అదీ రూలే.

తాటివనం:
పది రోజులయింది అన్నలూ. ఎడమ ఆర్మ్‌రెస్ట్ కోయించా. కుర్చీ తిప్పితే పాత విల్లుతోనే చక్రానికి తగలడం ఆగింది, తొడకి మాత్రం తగులుతోంది. ఒక అన్న 66 అంగుళాల 28 పౌండ్లది వారానికి ఇచ్చాడు. దాంతో అదీ లేదు. ఛాతీకి పట్టీ కట్టి వేస్తే లాంగ్ రాడ్ నేలకి తగల్లేదు. పట్టీ బిగించేటప్పుడు మోకే గుర్తొచ్చింది, కాసేపు చేతులాడలేదు.

ఫుట్‌రెస్ట్ కిటుకు మూడోసారికి వచ్చింది. నా లాంగ్ లింబ్స్ 38 పౌండ్లవి, గీత పడలేదు. ఎవరికైనా కావాలంటే చెప్పండి, సగం ధరకిస్తా.