మరమగ్గం చీరలు కొనడం మానేస్తే చేనేతకు మేలు జరుగుతుందా?

ప్రశ్న (అమలాపురం):
చేనేత చీర అయిన ఉప్పాడ జాందానీ పేరుతో మరమగ్గం చీరలు అమ్మే దుకాణాలలో ఇకపై కొనకూడదని మా పొదుపు సంఘం మహిళలు తీర్మానించుకున్నారు. కొద్ది కుటుంబాలు మానేసినంత మాత్రాన ఆ వ్యాపారం ఆగుతుందా, లేక ఆ డబ్బుతో నేతకారుల వద్ద కొనడమే మేలా అన్న విషయం మాలో తేలలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు (రాజమహేంద్రవరం):
మానేసేవారు ఆ వ్యాపారానికి ముఖ్యమైన ఖాతాదారులైతేనే బహిష్కరణ దెబ్బ తగులుతుంది. 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతీయులు తమకు వేరు సీట్లు కేటాయించడాన్ని నిరసిస్తూ సిటీ బస్సులు ఎక్కడం మానేసినప్పుడు, ప్రయాణికులలో అత్యధికులు వారే కావడం వల్ల కంపెనీ రాబడి పడిపోయింది. సొంత కార్లలో ఒకరినొకరు తీసుకువెళ్లే ఏర్పాటు చేసుకున్నందువల్లనే వారు 381 రోజులు నిలబడగలిగారు. అయినా వేరు సీట్ల పద్ధతిని రద్దు చేసింది న్యాయస్థానం తీర్పే. 1907లో బిపిన్ చంద్రపాల్ మా రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించిన స్వదేశీ ఉద్యమ కాలంలోనూ, వంగదేశపు పేదలకు స్వదేశీ వస్త్రం ధర అందకపోవడం పెద్ద ఆటంకమైంది. మీ సంఘం ఆ దుకాణాలకు పెద్ద ఖాతాదారు కాదు గనుక, మానేయడంతో ఆగకుండా ఫిర్యాదు కూడా చేయండి: ఉప్పాడ జాందానీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరును మరొక సరుకుకు తగిలించి అమ్మడం చట్టరీత్యా నేరం.

జవాబు (బండారులంక, నేత కుటుంబం):
అమ్మా, మీరు మిగిల్చిన డబ్బు మీ ఇంట్లోనే ఉండిపోతే మా మగ్గానికి పని రాదు. జాందానీ బుటాను పేక (అడ్డపోగు)తోపాటు అదనపు పోగులతో చేత్తోనే వేయాలి గనుక, ఒక్క చీరకు ఇద్దరు మనుషులు వారాల తరబడి మగ్గం మీద కూర్చుంటారు. వానాకాలంలో గుంట మగ్గాలలోకి నీరు ఊరి పని నిలిచిపోతుంది. అప్పుడే అప్పు కోసం షావుకారు దగ్గరకు వెళ్లవలసి వస్తుంది, ఆ తరువాత నేసినదంతా ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. పండుగకు ఒక చీర కొనడం కన్నా, మీ సంఘం వేసవిలోనే ఆర్డరు చెప్పి కొంత బయానా ఇస్తే మాకు ఎంతో ఆసరా అవుతుంది. కొనేటప్పుడు చీరను తిరగేసి చూడండి, అసలైన జాందానీలో బుటా రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

జవాబు (నరసాపురం):
మా క్రోషే లేసుకు కూడా 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర సరుకు ఎక్కడిదో చెబుతుందే గాని, ఇంట్లో కూర్చుని అల్లిన ఆడమనిషికి ఏజెంటు చేతుల మీదుగా ఎంత ముట్టిందో చెప్పదు. అందువల్ల నేతకారుల సహకార సొసైటీలో కొన్నా సరే, ఈ చీరకు మజూరీ ఎంత ఇచ్చారని అడగండి. జవాబు చెప్పడానికి వెనుకాడేచోట బయానా కట్టవద్దు.