చెన్నై నుంచి డల్లాస్‌కి నిజంగా ఎన్ని గంటలు?

కావలి కుర్రాడు: ఆగస్టులో ఎమ్మెస్‌కి డల్లాస్ వస్తున్నాను. టికెట్ మీద చెన్నైలో తెల్లవారుజామున 4:00కి ఎక్కి, దుబాయ్ మీదుగా అదే రోజు సాయంత్రం 4:45కి దిగుతానని ఉంది. పన్నెండు ముప్పావు గంటల్లో వచ్చేస్తానా? దారికి పులిహోర ఎంత కట్టాలని అమ్మ అడుగుతోంది.

నెల్లూరు ట్రంకురోడ్డు: రావు అబ్బయ్యా. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఆగస్టులో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, అది కలుపుకో, 23 గంటల పావు. దుబాయ్ దాకా నాలుగు, అక్కడ కూర్చోడం మూడు, మిగతా పదహారు పైచిలుకు ఒకే సీట్లో. సరే, నువ్వు అడగాల్సింది అది కాదు, టికెట్ ఒకటా రెండా అని. డబ్బులు మిగుల్తాయని 2014లో నేను గల్ఫ్ దాకా ఒకటి, అక్కణ్ణించి వేరే కంపెనీది ఇంకోటి కొన్నా. మొదటిది మూడు గంటలు లేటు. రెండోది వెళ్లిపోయింది. కౌంటర్లో అడిగితే ఆ టికెట్ మాది కాదన్నారు, పెట్టెలు తెచ్చుకుందామంటే బయటికెళ్లాలి, బయటికెళ్లాలంటే వీసా కావాలి. రాత్రంతా కుర్చీలో పడుకుని, అప్పు చేసి కొత్త టికెట్ కొన్నా. పెట్టె నాలుగోరోజు వచ్చింది, లోపల గోంగూర సీసా పగిలి, పెళ్లికి కుట్టించిన సూటు ఇప్పటికీ అదే వాసన.

ఒంగోలోడు: అందుకే హైదరాబాద్ నుంచి రమ్మంటా. అద్దంకి రోడ్డు పట్టుకుంటే హాయిగా శంషాబాద్. చెన్నై అయితే ఊరంతా దాటుకుని మీనంబాక్కం పోవాలి.

నెల్లూరు ట్రంకురోడ్డు: నీకు ఒంగోలు నుంచి హాయి. మాకు చెన్నై 175 కిలోమీటర్లు, హైదరాబాద్ అంతకు రెండింతలు పైనే. కావలి మావైపుది స్వామీ.

సూళ్లూరుపేట: మీ గొడవ మీది, దూరం ఎవరూ చెప్పలేదు. రేఖాంశాల్లో చెన్నై 80 డిగ్రీలు తూర్పు, డల్లాస్ 97 పడమర, కలిపితే 177, సగం చుట్టు 180కి దగ్గర, అంటే గోళానికి దాదాపు అటూ ఇటూ. దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, సుమారు 14,900 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే అక్కడిదాకా 2,900, ఆపైన దాదాపు 12,900. చుట్టు తిరిగినా పెరిగేది గంట ప్రయాణమే, అదనపు టైములో ఎక్కువ భాగం దుబాయ్‌లో కూర్చోడంలోనే పోతుంది.

ఒంగోలోడు: ఇంకోటి, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన పత్రం) చేతిసంచీలో పెట్టుకో, పెట్టెలో కాదు. అందులో ఉన్న మొదలు తేదీకి 30 రోజుల కంటే ముందు దేశంలోకి రానివ్వరు. మాంసం పచ్చళ్లు వద్దు, తిండి ఏం తెచ్చినా కస్టమ్స్ వాళ్లకి దాచకుండా చెప్పు.

కావలి కుర్రాడు: థాంక్స్ అన్నా. మరి పులిహోర?

నెల్లూరు ట్రంకురోడ్డు: ఇంటి దగ్గర్నుంచి లెక్కేస్తే కారులో ఐదు గంటలు, ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందు, మొత్తం 31 పైనే. ఎంత కట్టినా తడ దాటేలోపు డ్రైవరూ మీ నాన్నా కలిసి ఖాళీ చేస్తారు.